పాత సీ10కి డిస్క్ బ్రేకులు పెట్టాను, ఇప్పుడు ముందు చక్రాలు పట్టేసి వదలట్లేదు

తుప్పుతో_తంటా:

అందరికీ నమస్తే. నా బండి 1966 షెవర్లే సీ10 పికప్. షార్ట్ బెడ్, 115 అంగుళాల వీల్‌బేస్, 250 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్, స్టీరింగ్ కాలమ్ మీద మూడు గేర్ల లివర్. రెండేళ్లుగా ఇంటి షెడ్డులోనే శని, ఆదివారాలు విప్పుతూ బిగిస్తూ ఉన్నాను. బిగించినవాటి కంటే విప్పినవే ఎక్కువ.

ఇంజిన్ పని అయిపోయింది. కార్బురేటర్ కడిగి కొత్త గ్యాస్కెట్లు వేశాను. ఇగ్నిషన్ పాయింట్లు మార్చి 0.019 అంగుళం గ్యాప్ పెట్టాను, ప్లగ్గులకి 0.035. చలిలో కూడా రెండో తిప్పుకే అందుకుంటోంది. ఆ సంతోషంలోనే బ్రేకుల జోలికి వెళ్లాను.

మొదట నాలుగు చక్రాలకీ డ్రమ్ములే ఉండేవి. ఒకసారి వానలో, నీళ్లు నిలిచిన చోటు దాటగానే బ్రేకు తొక్కితే బండి ఎడమపక్కకి ఒక్క లాగు లాగింది. ఇంటికొచ్చి తాళం తీస్తుంటే కూడా చెయ్యి వణికింది. ఇక చాలనుకుని ముందువైపు డిస్కులకి మారాను. 1971 నుంచి వచ్చిన సీ10ల తరహా స్పిండిళ్లు (చక్రం తిరిగే ఇరుసులు), డిస్కులు, కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కుని నొక్కి పట్టేవి), కొత్త రబ్బరు గొట్టాలు, పొడవు సర్దుకునే పెడల్ కడ్డీ, అన్నీ ఒకే సెట్టు. వెనక డ్రమ్ములు అలాగే ఉన్నాయి. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ కూడా పాతదే, ఆయిల్‌కి ఒకే గది ఉన్నది. సెట్టుతో వచ్చిన కాగితంలో "పాత మాస్టర్ సిలిండర్ వాడుకోవచ్చు" అని ఒక ముక్క ఉంది. నాకు నచ్చిన ముక్క కాబట్టి వెంటనే నమ్మేశాను.

బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు పెడల్ మీద మా అమ్మాయిని కూర్చోబెట్టాను. పదకొండేళ్లు. సీటు అంచుకి జారి, రెండు కాళ్లూ పెట్టి తొక్కితే గానీ పెడల్ దిగదు. "తొక్కు", "పట్టుకో", "వదులు" అని నేను కిందనుంచి అరుస్తుంటే, నలభయ్యోసారికి "నాన్నా, ఇది నీ బండా, నా బండా?" అంది. గాలి మాత్రం మొత్తం పోయింది. బుడగ ఒక్కటి లేదు. పెడల్ కూడా పైనే పడుతోంది, రాయిలా ఉంది. అలా పైన పట్టాలనే ఆ కడ్డీని కొంచెం పొడవుకి తిప్పాను కూడా.

మొదటి మైలు బ్రహ్మాండంగా నడిచింది. పది నిమిషాలకి బండి బరువెక్కినట్టయింది. గేరు తీస్తే దొర్లాల్సింది, అక్కడికక్కడే ఆగిపోతోంది. పెడల్ ఇంకా పైకొచ్చి, ఇంకా గట్టిపడింది. దిగి చూస్తే ముందు చక్రాలు రెండూ మాడు వాసన, హబ్ మీద చెయ్యి పెట్టలేను. పక్కన ఆపి గంటసేపు ఉంటే దానంతట అదే వదిలేసింది. మళ్లీ పది నిమిషాలు నడిస్తే మళ్లీ అదే కథ.

కాలిపర్లు చెడ్డవి వచ్చాయా? వాపసు పంపనా?

ఇంకో రెండు విషయాలు ఉన్నాయి, పనిలో పనిగా అడిగేస్తున్నాను. కుడి తలుపు కింద రాకర్ (గడపలా ఉండే పొడవాటి రేకు భాగం) పూర్తిగా తుప్పు. పైకి బాగానే కనపడింది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అప్పడంలా విరిగి, లోపలనుంచి గుప్పెడు మట్టీ ఆకులూ రాలాయి. క్యాబిన్‌ని ఛాసీ మీదనుంచి దించేసి, తిరగేసి, హాయిగా వెల్డింగ్ చేసుకుందామని ఉంది. కొత్త రేకు తెచ్చి పెట్టుకున్నాను, పాత రేకుని గ్రైండర్‌తో రుద్ది, బ్రేక్ క్లీనర్ కొట్టి, ఆరకముందే ఒక చిన్న ముక్క అతికించి ప్రాక్టీస్ కూడా చేశాను. ఇక మూడోది: వెనక స్ప్రింగులు మార్చి నాలుగు అంగుళాలు దించాక, వెనక నుంచి చూస్తే ఒక టైరు బాడీలోకి పోయినట్టు, ఇంకోటి బయటికి వచ్చినట్టు ఉంది. నా కళ్లదే తేడానా?


పాత_పానా:

తమ్ముడూ, ముందు ఆ బండి రోడ్డెక్కించకు. మిగతావన్నీ తర్వాత.

కాలిపర్లు వాపసు పంపకు. రెండు కాలిపర్లూ ఒకే రోజు, ఒకేలా చెడిపోవడం అరుదు. రెండు చక్రాలూ కలిసి పడుతున్నాయంటే తప్పు ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట వెతకాలి. అంటే మాస్టర్ సిలిండర్ దగ్గర, పెడల్ దగ్గర.

నువ్వు రాసినదాంట్లో నాకు రెండు తప్పులు కనపడుతున్నాయి. రెండూ ఒకేసారి ఉన్నాయనే నా అనుమానం.

మొదటిది ఆ కడ్డీ. పెడల్ వదిలినప్పుడు మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా వెనక్కి రావాలి. అప్పుడే లోపలున్న ఒక సన్నటి రంధ్రం తెరుచుకుంటుంది. గుండుసూది దూరేంత ఉంటుంది, అంతే. వేడికి వ్యాకోచించిన ఆయిల్ ఆ రంధ్రం గుండానే పైన గదిలోకి తిరిగి వెళ్తుంది. కడ్డీ కాస్త పొడవైతే పిస్టన్ వెంట్రుకవాసి ముందే ఆగిపోతుంది, రంధ్రం మూసుకుపోతుంది. ఇక ఆయిల్‌కి వెనక్కి పోయే దారి లేదు. ప్యాడ్లు రాసుకుంటాయి, వేడి పుడుతుంది, ఆయిల్ ఉబ్బుతుంది, ఇంకా గట్టిగా రాసుకుంటాయి. నువ్వు చెప్పిన "పెడల్ పైకొచ్చి గట్టిపడింది" అన్నది అచ్చం దీని లక్షణమే. గంట ఆగితే ఆయిల్ చల్లారి తగ్గుతుంది, వదిలేస్తుంది. పెడల్ పైనే పట్టడం అందరికీ ముద్దే గానీ, కడ్డీ తిప్పి తెచ్చుకునే ముద్దు కాదది.

రెండోది ఆ మాస్టర్ సిలిండరే. అది డ్రమ్ముల కోసం చేసింది. దాని మూతి దగ్గర ఒక చిన్న వాల్వు ఉంటుంది, పెడల్ వదిలేశాక కూడా లైన్లో 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 10 పౌన్లు) అటూఇటూ ఒత్తిడి నిలబెడుతుంది. డ్రమ్ములకి అది కావాలి, చక్రం దగ్గరున్న సిలిండర్ల రబ్బరు కప్పులు గోడకి అంటుకుని ఉండి గాలి పీల్చకుండా. డిస్కులకి అదే శాపం. లెక్క చూడు. వెనక చక్రం సిలిండర్ వ్యాసం అంగుళం అనుకుంటే, దాని వైశాల్యం చదరపు అంగుళంలో ముప్పాతిక. 10 పీఎస్ఐ అంటే ఎనిమిది పౌన్ల తోపుడు కూడా లేదు, డ్రమ్ము లోపల రాసుకునే షూలని వెనక్కి లాగే స్ప్రింగుల ముందు అది ఎందుకూ చాలదు. అదే నీ కాలిపర్ పిస్టన్ దాదాపు 2.94 అంగుళాల వ్యాసం. వైశాల్యం ఆరున్నర చదరపు అంగుళాలు దాటుతుంది. అదే 10 పీఎస్ఐ అక్కడ 68 పౌన్లు, అంటే ముప్ఫై కిలోలు. వెనక్కి లాగడానికి స్ప్రింగూ లేదు, ఉన్నదల్లా పిస్టన్ చుట్టూ చదరంగా ఉండే రబ్బరు సీలు కొంచెం మెలిపడి వెనక్కి రావడమే. ముప్ఫై కిలోల ముందు ఆ సీలు ఏం చేస్తుంది?

నా మాట నమ్మాల్సిన పని లేదు, నువ్వే తేల్చుకో. ముందువైపు జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టు. జాకీని నమ్మి కింద దూరకు. చక్రాలు పట్టేసినప్పుడు:

ఒక కాలిపర్ బ్లీడర్ (గాలి తీసే మర) పావు తిప్పు వదులు చెయ్యి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేస్తే ఒత్తిడి లోపల చిక్కుకుందని అర్థం. ఆయిల్ రాకపోతే, వచ్చినా చక్రం వదలకపోతే అది కాలిపర్ జారే పిన్నుల గొడవ, వేరే దారి.

బ్లీడర్ బిగించి, మళ్లీ పట్టించు. ఈసారి మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చెయ్యి. ఇక్కడ వదిలేస్తే గొట్టాలది తప్పు కాదు. ఇక్కడ వదలక కాలిపర్ దగ్గరే వదిలితే మధ్యలో రబ్బరు గొట్టం లోపల వాచి మూసుకుపోయినట్టు. నీవి కొత్తవి కాబట్టి అది కాకపోవచ్చు, అయినా చూడు.

ఇక మూడోసారి, పైపు ముట్టుకోకుండా, మాస్టర్ సిలిండర్‌ని బండి బాడీకి పట్టి ఉంచే నట్లు రెండు మూడు తిప్పులు వదులు చేసి సిలిండర్‌ని ముందుకు లాగు. అలా లాగగానే చక్రాలు వదిలితే దొంగ కడ్డీయే. పూర్తిగా కాకుండా కొంచెమే వదిలి, చేత్తో తిప్పితే ఇంకా బరువుగా ఉంటే, ఆ మిగిలిన బరువు వాల్వుది.

కళ్లద్దాలు పెట్టుకో. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగెయ్యి, తుడవడం కాదు, కడగడం. నా మొదటి బండి ఎడమ ఫెండర్ మీద ఇప్పటికీ నా నాలుగు వేళ్ల ముద్రలున్నాయి.


ఒరిజినల్_చాలు:

ఇంత గొడవ దేనికండీ? ఆ డ్రమ్ములతోనే బండి యాభై ఏళ్లు పైగా నడిచింది. షూలు డ్రమ్ము గుండ్రానికి సరిపడేలా అరగదీసి, రెండుపక్కలా సమానంగా సర్ది, సీళ్లు మారిస్తే ఏ పక్కకీ లాగదు. తడిసినప్పుడు లాగిందంటే ఒక పక్క షూ మీద గ్రీజో, యాక్సిల్ ఆయిలో ఉందన్నమాట. చూశారా? చూసి ఉండరు. విప్పి పారేసి ఉంటారు.

పారేయకపోతే దాచండి. ఆ డ్రమ్ములు, హబ్బులు, ఆరు బోల్టుల చక్రాలు తర్వాత దొరకవు. పైగా ఇప్పుడు మీకు ముందు అయిదు బోల్టులు, వెనక ఆరు. స్టెప్నీ ఒక్కటే పెట్టుకుంటే ఏ చక్రానికి పంచరవ్వాలో ముందే దండం పెట్టుకోవాలి.

పాత షూల దుమ్ము గాలి కొట్టి ఊదకండి. ఆ కాలం షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ మూటగట్టి పారేయండి.


పాత_పానా:

పైన చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. సరిగ్గా సర్దిన డ్రమ్ములు మంచి బ్రేకులే, ఒక్కసారి గట్టిగా ఆపడానికి. ఘాట్ రోడ్డులో పదిసార్లు ఆపాలంటే వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. డిస్కు వేడికి ప్యాడు వైపే లావవుతుంది. అందుకే నేను ముందు డిస్కులకే ఓటేస్తాను.

నన్ను నిజంగా కంగారు పెట్టేది డిస్కా డ్రమ్మా అన్నది కాదు, ఆ ఒకే గది మాస్టర్ సిలిండర్. నాలుగు చక్రాలకీ ఆయిల్ ఒకే దారి. వెనక యాక్సిల్ మీద ఒక పైపు తుప్పుపట్టి చిట్లితే ముందు బ్రేకులు కూడా పోతాయి. పెడల్ నేలకి తగులుతుంది, అంతే. రెండు గదులదైతే కనీసం ఒక జత మిగులుతుంది. వాల్వు పీకేసి పాతదాన్నే వాడుకోవచ్చని ఎవరో ఒకరు చెప్తారు. పీకడం కష్టం కూడా కాదు. చెయ్యకు. కాలిపర్ల ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. ఆ చిన్న గది దానికి చాలదు.


రేకుపని:

రాకర్ గురించి నేను చెప్తాను, బ్రేకులు పెద్దాయనకి వదిలేస్తున్నాను.

దానికంటే ముందు ఒక మాట. "బ్రేక్ క్లీనర్ కొట్టి, ఆరకముందే అతికించాను" అన్నారు. ఆ డబ్బా తీసి వెనక చదవండి. క్లోరిన్ ఉన్న రకం అయితే (టెట్రాక్లోరోఎథిలీన్, డైక్లోరోమీథేన్ లాంటి పేర్లు ఉంటాయి) దాని ఆవిరి వెల్డింగ్ మంటకీ, ఆ వెలుగుకీ ఫాస్జీన్ అవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన వాయువు అది. ఒక్కోసారి పీల్చినప్పుడు పెద్దగా తెలియదు, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మీరు ప్రాక్టీస్ చేసింది చిన్న ముక్క కాబట్టి సరిపోయింది. క్లోరిన్ లేని రకానికి ఈ గొడవ లేదు గానీ అది పెట్రోలులా అంటుకుంటుంది. రేకు తుడవడానికి అసిటోన్ వాడి, పూర్తిగా ఆరనిచ్చి, తడి గుడ్డలు షెడ్డు బయట పెట్టి, అప్పుడు నిప్పు ముట్టించండి.

ఇంకోటి, పెట్రోలు ట్యాంకు సీటు వెనకే ఉంది కదా. ఆ రోజుల్లో చాలా పికప్‌లకి అక్కడే ఉండేది. తలుపు కింద వెల్డింగ్ చేస్తూ దాన్ని అక్కడే ఉంచకండి. ఖాళీ చేస్తే చాలదు, నిండుగా ఉన్నదానికంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపలంతా ఆవిరే. విప్పి షెడ్డు బయట పెట్టండి. బ్యాటరీ కూడా తీసేయండి.

ఇప్పుడు రాకర్. క్యాబిన్ దించకండి. కనీసం రాకర్ పని అయ్యేదాకా దించకండి. క్యాబిన్‌కి కింద వెన్నెముక రాకరే. అది కుళ్లి ఉండగా ఎత్తితే తలుపు ఉండే ఖాళీ సాగి చదరం కాస్తా గాలిపటం అవుతుంది. నేనొక బండికి ఇదే చేశాను. కొత్త రాకర్ ముచ్చటగా అతికించి, క్యాబిన్ తిరిగి ఛాసీ మీద పెట్టి, తలుపు వేస్తే పైన గొళ్లెం వైపు వేలు దూరేంత సందు, కింద రేకుకి రేకు రాసుకుంటోంది. అతికించినదంతా మళ్లీ కోశాను. ఆ వారం ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు, నేనే మాట్లాడనివ్వలేదు.

కాబట్టి క్యాబిన్ ఛాసీ మీదే ఉండాలి, కింద రబ్బరు దిమ్మలు మంచివి ఉండాలి. అవి అణిగిపోయి ఉంటే ముందు అవి మార్చండి. తలుపు బిగించి, మూసి, చుట్టూ సందు ఎంతుందో కొలిచి, మార్కర్‌తో అక్కడే బాడీ మీద రాసుకోండి. తర్వాత తలుపు తీసేసి, కీళ్ల స్తంభం నుంచి గొళ్లెం స్తంభానికి అడ్డంగా రెండు చదరపు గొట్టాలు టాకాలు వేయండి. అవి ఉండగానే పాత రాకర్ కోయండి. ఒకసారికి ఒక పక్కే.

కోసేటప్పుడు గ్రైండర్‌తో ఎగబడకండి. కర్మాగారంలో వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కలు వెతికి, పెయింట్ గీకితే చిన్న గుంటల్లా కనపడతాయి, వాటిని ఎనిమిది మిల్లీమీటర్ల స్పాట్ కట్టర్‌తో పై రేకు వరకే తొలవండి. లోపలి రేకు బతికుంటే దానికే కొత్తది అతుకుతుంది. చాలాసార్లు లోపలిది కూడా పోయి ఉంటుంది. అప్పుడు ముందు దాన్ని చెయ్యాలి. బయటిది వేసి కప్పెట్టేస్తే రెండేళ్లలో మళ్లీ అప్పడమే.

మీకు రాలిన ఆకులూ మట్టీ ఉన్నాయి చూడండి, అసలు జబ్బు అదే. ముందు అద్దం కింద గాలి వచ్చే జాలీలోంచి ఆకులు పడి, కిందికి జారి, నీళ్లు పోయే దారి మూసేస్తాయి. ఆ తడి చెత్త లోపల ఏళ్లతరబడి నానుతూ ఉంటుంది. రాకర్ బయటనుంచి కుళ్లలేదు, లోపలనుంచి కుళ్లింది. పైన జాలీ శుభ్రం చేసి, బకెట్ నీళ్లు పోసి, ఎక్కడనుంచి బయటికి వస్తున్నాయో చూశాకే కొత్తది అతికించండి.

వెల్డింగ్‌కి మిగ్ (తీగ దానంతట అదే వచ్చే మెషీన్) అయితే 0.6 మిల్లీమీటర్ తీగ, మూడొంతులు ఆర్గాన్, ఒక వంతు కార్బన్ డయాక్సైడ్. టాకా పక్కన టాకా వేసుకుంటూ గీతలా పోవద్దు, రేకు అల అలగా అయిపోతుంది. ఇక్కడొకటి, జానెడు దూరంలో ఇంకోటి, మళ్లీ వెనక్కి. చెయ్యి పెట్టి చూడండి, వేడి తగలకపోతేనే మళ్లీ అక్కడికి. విసుగ్గా ఉంటుంది, అలాగే ఉండాలి. అయ్యాక షెడ్డుకి తాళం వేసి వెళ్లిపోకుండా ఓ గంట అక్కడే ఉండండి. కార్పెట్ కిందా పాత తారు షీటు కిందా నిప్పు నిద్రపోతుంది.

రాకర్ కింద నీళ్లు కారే రంధ్రాలు మూయకండి. పెయింట్ అయ్యాక లోపలికి మైనం స్ప్రే కొట్టండి. లప్పం రాయడానికి మాత్రం తొందరపడకండి. పెయింట్ వేసేటప్పుడు గట్టిపడే మందు కలిపే రకం అయితే అందులో ఐసోసైనేట్లు ఉంటాయి, మామూలు ముక్కు మాస్కు దానికి పనికిరాదు. బయటనుంచి గాలి అందించే మాస్కు కావాలి. అది లేకపోతే ప్రైమర్ దాకా మీరు చేసి, పైపూత బూత్ ఉన్నవాళ్లకి ఇవ్వండి. నేనూ అంతే చేస్తాను.


ఆరుసిలిండర్లు:

టైరు లోపలికి పోవడం మీ కళ్ల తేడా కాదు. ఈ బండికి వెనక యాక్సిల్‌ని పక్కలకి కదలకుండా పట్టి ఉంచేది ఒక అడ్డ కడ్డీ. ఒక చివర ఛాసీకి, ఇంకో చివర యాక్సిల్‌కి. బండి దిగితే ఆ కడ్డీ వాలు మారుతుంది. వాలు మారితే అడ్డంగా దాని పొడవు మారినట్టే, యాక్సిల్‌ని ఒక పక్కకి నెట్టేస్తుంది. పొడవు సర్దుకునే కడ్డీ వేసి, బండి నేల మీద తన బరువుతో ఉండగానే మధ్యకి తెచ్చుకోండి. గాల్లో వేలాడేసి కొలిస్తే లెక్క తప్పుతుంది.

నాలుగు అంగుళాలు దించారు కాబట్టి యాక్సిల్‌కీ ఛాసీకీ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో కూడా చూడండి. షాక్ అబ్జార్బర్లు పాత పొడవువే అయితే గుంతలో పడినప్పుడు స్ప్రింగు కంటే ముందు షాకే నేలకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా మారి ఉంటుంది, వేగంలో సీటు కింద గుయ్‌మంటే అదే.

ఆ 250 ఇంజిన్ మాత్రం ఉంచండి. అందరూ ఎనిమిది సిలిండర్ల వీ8 పెట్టమంటారు. బానెట్ ఎత్తితే పక్కన నిలబడి పని చేసుకునేంత చోటు ఈ ఇంజిన్‌కే ఉంటుంది.


తుప్పుతో_తంటా:

నాలుగు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

అన్నా, మీరు చెప్పిన వరసలోనే చేశాను. బ్లీడర్ వదలగానే ఆయిల్ నా భుజం దాకా చిమ్మింది, చక్రం టక్కున వదిలేసింది. రెండోసారి మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు వదులు చేశాను, అక్కడా వదిలింది. మూడోసారి సిలిండర్ నట్లు వదులు చేసి ముందుకి లాగితే "హమ్మయ్య" అన్నట్టు చిన్న చప్పుడు వచ్చింది. చక్రం తిరిగింది, కానీ మీరు రాసినట్టే బరువుగా, తేనెలో తిరిగినట్టు. అంటే రెండు దొంగలూ ఒకేసారి ఇంట్లో ఉన్నారు.

రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేశాను, ముందు డిస్కు, వెనక డ్రమ్ము కోసం చేసినది. బిగించే ముందు బల్ల మీద బిగించి గాలి తీశాను. వెనక లైనుకి 10 పీఎస్ఐ వాల్వు విడిగా పెట్టాను, వెనక్కి వెళ్లే ఒత్తిడిని తగ్గించే సర్దుబాటు వాల్వు కూడా. బెడ్ ఖాళీగా ఉంటే వెనక చక్రాలు ముందే లాక్ అవుతున్నాయి, దాన్ని నాలుగైదు సార్లు తిప్పి తిప్పి చూస్తే గానీ కుదరలేదు. పైపుల మూతులు 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్ (అంచుని రెండు మడతలుగా విప్పార్చడం). మొదటి పది మూతులు చెత్తబుట్టలోకే వెళ్లాయి. ఒక్కదానికైతే ఫ్లేర్ అద్భుతంగా వచ్చింది, నట్టు ముందే ఎక్కించడం మర్చిపోయాను.

పెడల్ కడ్డీకి ఇప్పుడు మిల్లీమీటరున్నర ఆట ఉంచాను. మూత తీసి, మా అమ్మాయిని పెడల్ మెల్లగా ఒక్క అర అంగుళం నొక్కమంటే, గదిలో ఆయిల్ మీద చిన్న బుగ్గ లేచింది. రంధ్రం తెరిచే ఉందనడానికి అదే గుర్తట. చూడమని తనని పిలిచాను, "దీనికేనా ఇన్నిసార్లు తొక్కించావు?" అంది.

వేడెక్కిన హబ్బులు విప్పితే గ్రీజు కరిగి నల్లటి నీళ్లయింది. బేరింగులు కడిగి కొత్త గ్రీజు కూరాను, సీళ్లు మార్చాను. ప్యాడ్లు అద్దంలా మెరుస్తున్నాయి, అవీ మార్చాను. పాత ఆయిల్ మొత్తం తీసేశాను, కాలిన రంగులో ఉంది.

రేకుపని గారూ, ఆ డబ్బా వెనక చదివాను. మొదటి పేరే మీరు రాసిన పేరు. ఆ రోజు షెడ్డు తలుపు తెరిచి ఉంది కాబట్టి సరిపోయింది. ట్యాంకు బయటికి తీశాను, అడ్డ గొట్టాలు టాకాలు వేశాను, క్యాబిన్ దించే ఆలోచన మానుకున్నాను. లోపలి రాకర్ కూడా సగం పోయింది. బకెట్ నీళ్లు పోస్తే ఒక్క చుక్క కూడా కింద నుంచి రాలేదు, నీళ్లన్నీ లోపల నా పాదాల దగ్గర తేలాయి. జాలీ కింద నుంచి తీసిన చెత్తతో ఒక పూలకుండీ నిండింది.

ఒరిజినల్_చాలు గారూ, డ్రమ్ములు పారేయలేదు. మీరన్నది నిజమే, ఎడమ షూ అంచున గ్రీజు మరక ఉంది. హబ్ సీలు కారుతోంది. ఆ రోజు లాగింది డ్రమ్ముల వల్ల కాదు, ఆ సీలు వల్ల. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

నిన్న ముందువైపు స్టాండ్ల మీద లేపి, పెడల్ పదిసార్లు తొక్కించి, వదిలించి, చక్రం చేత్తో గిర్రున తిప్పాను. ప్యాడు సన్నగా సర్‌మంటూ ఒక చుట్టూ పావూ తిరిగి ఆగింది. ఇవాళ పొద్దున ఇరవై మైళ్లు నడిపాను. ఆపి హబ్ మీద చెయ్యి పెట్టాను, గోరువెచ్చగా ఉంది. చెయ్యి అలాగే ఉంచేశాను కాసేపు.

వెనక కూడా అయిదు బోల్టుల యాక్సిల్ దొరికేదాకా రెండు స్టెప్నీలు బెడ్‌లో దొర్లుతున్నాయి.


పాత_పానా:

వాటిని తాడుతో కట్టు తమ్ముడూ. గట్టిగా బ్రేకు తొక్కితే రెండూ వచ్చి నీ వెనక అద్దం మీద కూర్చుంటాయి. ఇప్పుడు నీ బ్రేకులు పనిచేస్తున్నాయి కదా.